మినిట్స్ పుస్తకంలో మన మాట ఉందా?

(పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులు, తల్లిదండ్రుల కోసం జరిగిన మండల స్థాయి సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ఒక పూట కూలి వదులుకుని వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ టైము విలువ నాకు తెలుసు. అందుకే నేరుగా విషయంలోకి వెళ్తాను.

మీలో స్కూలు కమిటీ సభ్యులు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది, సగానికి పైనే ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. పోయినసారి మీటింగులో మినిట్స్ పుస్తకంలో ఏం రాశారో చదివి సంతకం పెట్టినవాళ్లు ఎంతమంది? చూశారా, చేతులు ఎలా దిగిపోయాయో! సిగ్గుపడాల్సిందేమీ లేదు. పెట్టమన్నారు, పెట్టాం. అంతే కదా.

ఆ పుస్తకం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొడుగాటి రూళ్ల నోటుబుక్కు, అట్ట మీద బడి పేరు. లోపల తేదీ వేసి, 'ఈ దినం జరిగిన సమావేశంలో ఈ క్రింది అంశాలు చర్చించడమైనది' అని ఉంటుంది. ఒకటి, మధ్యాహ్న భోజనం గురించి. రెండు, పిల్లల హాజరు గురించి. మూడు, పరిశుభ్రత గురించి. కింద సంతకాలు, వేలిముద్రలు. అయిపోయింది. భోజనం గురించి ఏం మాట్లాడారు? ఎవరు అడిగారు? ఎవరు చేస్తామన్నారు? ఎప్పటిలోగా? ఒక్క ముక్క ఉండదు. ఎన్నో బళ్లలో ఆ పుస్తకాలు తిరగేశాను. అన్నీ 'గురించి'లే!

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ పుస్తకం చుట్టూనే తిరుగుతుంది. ఇంత చిన్న విషయమా అనుకోకండి.

ముందు ఈ కమిటీ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇది ఏ ఎమ్మెల్యే దయ తలచి ఇచ్చింది కాదు. 2009లో పార్లమెంటు విద్యా హక్కు చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 21వ సెక్షన్ ఈ కమిటీది. నూటికి 75 మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఇవ్వాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో చూడటం, ఇవీ మీ పనులు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా కమిటీ పేరు మారుతుంటుంది. ఒకరు తల్లిదండ్రుల కమిటీ అంటారు, ఇంకొకరు ఇంకో పేరు పెడతారు. చట్టంలో సెక్షన్ మాత్రం అలాగే ఉంది. 'ఇవన్నీ మీకెందుకమ్మా' అని ఎవరైనా అంటే, 'సెక్షన్ 21 సార్' అనండి చాలు. గొంతు పెంచక్కర్లేదు.

సరే, చట్టం ఉంది. మరి అడగడానికి ఏం అడ్డం వస్తోంది? భయమా? కొంత ఉంది. తెలియకపోవడమా? అదీ కొంత ఉంది. కానీ నేను చూసినంతలో అన్నిటికన్నా పెద్ద అడ్డం మన సర్దుకుపోయే గుణం. ఎవరికి వాళ్లం సర్దేసుకుంటాం. దాంతో సమస్య ఎవరి కంటికీ కనపడకుండా పోతుంది.

ఒక ఊరి సంగతి చెప్తాను. పేరు వద్దు. ఊళ్లో ఏడో తరగతి దాకానే ఉంది. ఎనిమిది నుంచి పక్కూరి హైస్కూలుకి వెళ్లాలి. ఉన్నది ఒకటే పల్లెవెలుగు బస్సు. అది హైస్కూలు దగ్గరికి చేరేసరికి మొదటి గంట కొట్టేసి ఇరవై నిమిషాలు అవుతుంది. మగపిల్లలు సైకిళ్ల మీద పోతారు, స్నేహితుడి బండెక్కుతారు. ఆడపిల్లలందరికీ ఆ బస్సే దిక్కు. ఏం చేశారు? ఒక తండ్రి వెళ్లి హెచ్‌ఎం గారిని బతిమాలుకున్నాడు. 'సార్, మా అమ్మాయికి లేటు మార్కు వేయకండి' అని. ఆయన మంచివాడు, సరేనన్నాడు. ఇంకో తండ్రి వెళ్లాడు. ఆయనకీ సరేనన్నాడు. అలా ఒక్కొక్కరే వెళ్లారు, అందరికీ సరేనన్నాడు. రిజిస్టరులో ఆ పిల్లలందరూ రోజూ టైముకి వచ్చినట్టే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ మొదటి పీరియడ్ ఏమిటి? లెక్కలు! మూడేళ్ల పాటు, ఎనిమిది నుంచి పది దాకా, ఆ ఊరి ఆడపిల్లలు రోజూ లెక్కల పాఠం సగం నుంచి వింటున్నారు. పదో తరగతిలో లెక్కలు తప్పితే ఊళ్లో ఏమన్నారు? 'ఆడపిల్లలకి లెక్కలు రావండీ' అన్నారు.

ఇందులో చెడ్డవాళ్లు ఎవరు? ఎవరూ లేరు. తండ్రి మంచివాడే, హెచ్‌ఎం మంచివాడే, బస్సు డ్రైవరు కూడా తన టైముకే వస్తున్నాడు. ఆ మంచితనంతోనే సమస్యకి ముసుగు కప్పేశారు. రిజిస్టరు చూసిన ఏ అధికారికైనా అక్కడ సమస్య ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?

చివరికి తల్లులు కూర్చున్నారు. కమిటీ మీటింగులో తీర్మానం రాయించారు. ఏ క్లాసులో ఎంతమంది అమ్మాయిలు ఆ బస్సు మీద వస్తున్నారు, బస్సు ఎన్నింటికి చేరుతోంది, మొదటి గంట ఎన్నింటికి, ఈ మూడే రాశారు. హెచ్‌ఎం గారే సంతకం పెట్టారు. బస్సు డిపో మేనేజరుకి ఒక కాపీ, జిల్లా విద్యాధికారి డీఈఓకి ఒకటి, సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సులో ఒకటి ఇచ్చారు. బస్సు అరగంట ముందుకి జరిగింది. ప్రభుత్వానికి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. ఇన్నేళ్లూ ఎందుకు జరగలేదు? అడిగిన కాగితం లేదు కాబట్టి.

ఇదే లెక్కన టీచర్ల సంగతి చూడండి. ఇది కాస్త నిదానంగా చెప్తాను. ఫోన్లో రాసుకునేవాళ్లు రాసుకోండి.

విద్యా హక్కు చట్టం చివర షెడ్యూల్ అని ఒకటి ఉంటుంది. ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా ఉన్న బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి. 61 నుంచి 90 దాకా ముగ్గురు. 91 నుంచి 120 దాకా నలుగురు. ఆ మొదటి అంకె మళ్లీ చెప్తున్నాను. 60 మంది 'దాకా' ఇద్దరు. అంటే పదిహేను మంది పిల్లలున్నా ఇద్దరే. 'మీ బళ్లో పిల్లలు తక్కువమ్మా, అందుకే ఒక్క టీచరే' అంటారు చూడండి, ఆ మాట ఆ షెడ్యూల్లో ఎక్కడా లేదు. ఒక్క టీచరు ఐదు తరగతులకి పాఠం చెప్పాలి, భోజనం చూడాలి, యాప్‌లో ఫొటోలు పెట్టాలి, మీటింగుకి పోవాలి. ఆయన సెలవు పెడితే? బడికి తాళమే. లేదంటే పక్క బడి నుంచి ఒకరిని పంపి అక్కడ కుంటుపరుస్తారు.

ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే సైన్సు-లెక్కలకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు తప్పనిసరి. ఇంకో సంగతి. టీచర్లు, పిల్లల నిష్పత్తిని ఏ బడికి ఆ బడిలో చూడాలని 25వ సెక్షన్ చెబుతోంది. ఇది ఎందుకు ముఖ్యం? మండలం మొత్తం మీద సగటు తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. రోడ్డు పక్క బళ్లో నలుగురు మిగులు, లోపలి తండాలో ఒక్కరు. సగటు మాత్రం సరిపోయింది! మన పిల్ల సగటులో కూర్చుని చదువుకోదు కదండీ. 26వ సెక్షన్ ఏమంటుంది? మంజూరైన పోస్టుల్లో నూటికి పదికి మించి ఖాళీలు ఉండకూడదు. 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను వాడకూడదు. ఈ మాటకి ఇక్కడున్న టీచర్లు నవ్వుతున్నారు. నాకు తెలుసు ఎందుకు నవ్వుతున్నారో.

మరి టీచరు లేని బళ్లో మనం ఏం చేస్తున్నాం? సర్దుకుంటున్నాం. సాయంత్రం ట్యూషన్ పెట్టిస్తాం. ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయిని తలా యాభై వేసుకుని పెడతాం. అప్పో సొప్పో చేసి ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కిస్తాం. ఆ వ్యాను ఎక్కించినవాళ్లను నేను తప్పు పట్టను. బిడ్డ భవిష్యత్తుతో ప్రయోగాలు చేయమని ఏ తల్లికీ చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఒకటి గమనించండి. ఊళ్లో నలుగురితో మాట్లాడగలిగినవాళ్లు, ఆఫీసుకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చోగలిగినవాళ్లు, ముందు వాళ్లే వెళ్లిపోతారు. వాళ్లు పోయాక బళ్లో టీచరు లేకపోతే ఫోన్ చేసేదెవరు? మిగిలిన తల్లి పొద్దున్నే మిరప కోతకి పోతుంది. ఆమె దగ్గర మండల విద్యాధికారి ఎంఈఓ గారి నంబరు ఉండదు. పిల్లలు తగ్గారని పోస్టు తగ్గిస్తారు. పోస్టు తగ్గిందని ఇంకొందరు పిల్లలు పోతారు. తర్వాత ఒకరోజు, 'పిల్లలు లేరు, పక్కూరి బడిలో కలిపేస్తున్నాం' అంటారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుంది కదా? మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకి పంపిస్తుంటే చాలా చోట్ల తల్లిదండ్రులు బడి గేటు దగ్గర కూర్చున్నారు. మంచిదే. అయితే ఆ బడి రెండు మూడేళ్లుగా పల్చబడుతున్నప్పుడు ఒక్క తీర్మానమైనా రాసి ఉంటే, ఆ రోజు చేతిలో కాగితం ఉండేది కదా అని నా బాధ.

ఇదేమీ కొత్త గోడు కాదు. 1882లో సంఘ సంస్కర్త జోతిరావు ఫూలే, చదువుల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు ఇదే వాదించారు. పన్ను కట్టేది కష్టజీవి, ఆ డబ్బుతో చదువుకునేది పై వర్గాలవాళ్లు, ఇదేం న్యాయమని. హైదరాబాదులో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ వందేళ్ల కిందటే దళిత పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి బడులు పెట్టించారు. చదువుల మీద కేంద్రం వేసిన, 1964 నుంచి 66 దాకా పనిచేసిన కొఠారీ కమిషన్ ఏం చెప్పింది? ఊళ్లో ఉన్నవాళ్ల పిల్లా, లేనివాళ్ల పిల్లా ఒకే పొరుగు బడిలో చదవాలి, చదువు మీద జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలి అంది. రెండూ జరగలేదు. 2015లో అలహాబాదు హైకోర్టు, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లంతా తమ పిల్లల్ని ప్రభుత్వ బడికే పంపేలా ఏర్పాటు చేయమంది. పేపర్లన్నీ గొప్పగా రాశాయి. కలెక్టరు గారబ్బాయి మన బళ్లో చేరితే బాత్రూము తలుపు మర్నాడే వస్తుంది, నిజమే. కానీ ఆయనొచ్చేదాకా కాచుకు కూర్చుంటామా?

25 శాతం సీట్ల సంగతి అడుగుతారని తెలుసు. ఇప్పుడే చెప్పేస్తాను. అదే చట్టంలో 12(1)(సి) అని ఉంది. ప్రైవేటు స్కూళ్లు చేరిక తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలి, ఎనిమిది దాకా ఉచితంగా చెప్పాలి. 2012లో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందంది. మన తెలుగు నేల మీద ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. నోటిఫికేషన్ వస్తే తప్పకుండా పెట్టుకోండి, అది హక్కు, బిచ్చం కాదు. సీటు ఇచ్చి పుస్తకాలకి, యూనిఫారానికి వేలకి వేలు కట్టమంటే అదీ రాతలో అడగండి. అయితే నా అభిప్రాయం దాచుకోను. ఊళ్లో అరవై మంది పిల్లలుంటే ఆ దారిలో పోయేది ముగ్గురో నలుగురో. మిగతావాళ్ల మాటేమిటి? సీటు వచ్చిన ఇంటివాళ్లు ఈ కమిటీ మీటింగులకి కూడా వస్తే బాగుంటుంది. కానీ వాళ్లు రారు. ఇక్కడ కూడా అదే, ఎవరి దారి వాళ్లది.

సరే, పనిలోకి వద్దాం. కాగితం ఎలా రాయాలి?

మనవాళ్లు రాసే అర్జీ ఎలా ఉంటుంది? 'గౌరవనీయులైన అయ్యా, మా బడిలో సమస్యలు చాలా ఉన్నవి. బాత్రూములు బాగులేవు. టీచర్లు లేరు. గోడ లేదు. నీళ్లు లేవు. కావున తమరు దయతలచి మా యందు...' ఆపండి. దీన్ని చదివిన గుమాస్తా ఏ సెక్షనుకి పంపాలి? నాలుగు సమస్యలు నాలుగు టేబుళ్లవి. ఏ టేబులుకి పోయినా ఇది నాది కాదంటారు. ఫైలులో పెట్టి మూసేస్తారు.

ఒక కాగితానికి ఒకే సమస్య. మొదటి లైనులో బడి పేరు, దాని యుడైస్ కోడ్, అంటే బడుల వివరాలన్నీ నమోదు చేసే ప్రభుత్వ లెక్కల్లో ఆ బడి నంబరు. పదకొండు అంకెలుంటాయి, ప్రతి బడికీ ఉంటుంది, హెచ్‌ఎం గారిని అడిగితే చెప్తారు. రెండో లైనులో ఉన్నది ఉన్నట్టు. 'మా బడిలో ఆడపిల్లలు 38 మంది. వాడకంలో ఉన్న మరుగుదొడ్లు 0.' చాలు! ఆ సున్నాకి ఉన్న బరువు 'దయతలచి'కి లేదు. మూడో లైనులో ఏం ఉండాలో రాయండి. ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని చట్టం షెడ్యూల్లో ఉంది. బళ్లన్నిటికీ ఆరు నెలల్లో ఈ సౌకర్యాలు కల్పించాలని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నాలుగో లైనులో ఏం కావాలో, ఎప్పటిలోగానో. కింద కమిటీ తీర్మానం తేదీ. రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఒకటే, ఇంట్లో పెట్టుకున్నా ఒకటే.

ఇంకోటి. యుడైస్‌లో మీ బడి గురించి ఏం రాసుందో ఎప్పుడైనా చూశారా? ఆన్‌లైన్లో స్కూలు రిపోర్టు కార్డు ఉంటుంది. పిల్లలతో చూపించుకోండి. అందులో 'ఆడపిల్లల మరుగుదొడ్లు: 2, పనిచేస్తున్నవి: 2' అని ఉందనుకోండి, ఇక్కడేమో తలుపులు లేవు. అప్పుడు పై అధికారి దృష్టిలో మీకు సమస్యే లేదు. ముందు అది సరిచేయించండి. హెచ్‌ఎంలతో నా మనవి, దయచేసి ఉన్నదే రాయండి. లేదని రాస్తే మెమో వస్తుందన్న టెన్షన్ మీకు ఉంటుంది. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. కమిటీ తీర్మానం పక్కన ఉంటే ఆ మెమోకి జవాబు మీ చేతిలోనే ఉంటుంది.

జవాబు రాకపోతే 32వ సెక్షన్ ఉంది. పిల్లల హక్కు గురించిన ఫిర్యాదును స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. గ్రాంటు లెక్కలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రాంటు అంటే పెద్దగా ఊహించుకోకండి. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25 వేలు. చాక్‌పీసులు, కరెంటు, మరమ్మతులు, అన్నీ అందులోంచే. ఆ లెక్క చూశాక టీచరు మీద కోపం కొంత తగ్గుతుంది కూడా.

టీచర్లతో గొడవ పెట్టుకోవడానికి నేను మిమ్మల్ని పంపించడం లేదు. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారు, పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు. ఊరి యువకులు, పంచాయతీ పెద్దలు, తల్లిదండ్రులు కదిలారు. అంతకన్నా చెప్పుకోదగ్గది, ప్రభుత్వ టీచర్లే బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి పక్కన నిలబడ్డారు. పోరాడే టీచరు ఒక్కడే ఉంటే బదిలీ చేస్తారు. వెనక ఊరుంటే ఆలోచిస్తారు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. కమిటీలో మనలోనే పెత్తనం ఉంటుంది. చైర్మన్ ఎప్పుడూ ఒకే వీధి నుంచి వస్తాడు. భార్య సభ్యురాలు, మీటింగుకి భర్త వస్తాడు. ఇవాళ కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్ల పేర్లు అడగను! కాలనీ నుంచి, తండా నుంచి వచ్చే తల్లికి మీటింగు సంగతి అయిపోయాక తెలుస్తుంది. మీటింగు పదకొండు గంటలకి పెడితే కూలికి పోయే తల్లి ఎలా వస్తుంది? సాయంత్రం ఆరింటికి పెట్టండి. బడి కోసం న్యాయం అడిగేవాళ్లం, బడి వరండాలోనే అన్యాయం చేస్తే ఎలా? నా వరకు ఏ కమిటీ పనితీరైనా ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. అన్నిటికన్నా దూరం నుంచి నడిచొచ్చే పిల్ల తల్లి పోయిన మీటింగులో ఏమంది? ఆ మాట పుస్తకంలో ఉందా?

చివరిగా తేదీల సంగతి. మనం జూన్‌లో మేల్కొంటాం. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలి. అంటే డిసెంబరు ఆఖరు. వచ్చే మూడేళ్లలో ఎంతమంది పిల్లలు చేరతారు, ఎంతమంది టీచర్లు కావాలి, ఎన్ని గదులు, దానికెంత డబ్బు, ఇవన్నీ అందులో ఉండాలి. బడ్జెట్లు అయిపోయాక జూన్‌లో వెళ్లి అడిగితే, 'మీ ప్రతిపాదన ఏదీ' అంటారు. అంటే తప్పు మన మీదికి వస్తుంది. అందుకే సెప్టెంబరు నుంచే ఇంటింటికీ తిరిగి పిల్లల లెక్క రాసుకోండి. ప్రైవేటుకి పోతున్న పిల్లల్ని కూడా రాయండి, ఏ కారణంతో పోతున్నారో పక్కన రాయండి. 'ఐదో తరగతికి టీచరు లేక' అని పన్నెండు ఇళ్లవాళ్లు చెబితే, అది పన్నెండు మంది సంతకాలతో ప్రణాళికలోకి వెళ్లాలి.

నేను ఇందాక చెప్పిన నాలుగు లైన్ల అర్జీ నమూనా, ప్రణాళిక ఫారం జిరాక్స్ తీయించి తెచ్చాం. తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. బడికి రెండు చొప్పున తీసుకోండి. మొదటిది ఇక్కడే నింపుదాం. రాయడం రానివాళ్లకి ఈ డిగ్రీ పిల్లలు రాసిపెడతారు, చెప్పేది మాత్రం మీరే చెప్పాలి. యుడైస్ కోడ్ తెలియకపోతే బడి పేరు చెప్పండి, ఫోన్లో చూసి ఇస్తారు. ఈలోగా ప్రశ్నలు అడగండి. సర్పంచ్ గారూ, మీరు కాసేపు ఆగండి, ఏమీ అనుకోకండి. ఆ పచ్చ చీర అమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. మైకు అటివ్వండి బాబూ.